ఓడ మనదే, మర ఎవరిది?

ఆ మధ్య టెక్కలిలో ఒక సాహిత్య సభ జరిగింది. పలాస నుంచీ, ఉద్దానం గ్రామాల నుంచీ విద్యార్థులు చాలామంది వచ్చారు. ఒక కవిగారు ఐ.ఎన్‌.ఎస్‌. విశాఖపట్నం అనే యుద్ధనౌక మీద దీర్ఘ కవిత చదివారు. మన పట్నం పేరు పెట్టుకున్న నౌక గదా, సభ చప్పట్లతో మారుమోగింది. కవితలో సముద్రం గర్జించింది, శత్రువు గుండె పగిలింది, క్షిపణి బాలభానుడిలా లేచింది. నాకు మన ప్రబంధకవుల అశ్వవర్ణన గుర్తుకు వచ్చింది. గుర్రం గిట్టల ధూళికి ఆకాశం కప్పబడిపోతుంది. ఆ గుర్రం ఏమి మేస్తుందో, గిట్టలకు నాడాలు ఎవరు కొడతారో ప్రబంధంలో ఎక్కడా ఉండదు. ఈ కవితలోనూ లేదు.

కవిగారు కూర్చోగానే నా మిత్రుడొకడు లేచాడు. అతడూ అధ్యాపకుడే, మన అభ్యుదయ శిబిరం వాడే. "ఆయుధాల గొడవ మనకెందుకు? అది పాలకవర్గాల వ్యవహారం. ఉద్దానంలో కిడ్నీలు పాడయి మనుషులు చస్తూంటే ఓడల వర్ణనలా?" అని నిలదీశాడు. దానికీ చప్పట్లు కొట్టారు. చాలావరకు అవే చేతులు.

నా తగవు ఈ ఇద్దరితోనూ. కవిగారికి ఓడ కనిపించింది గాని ఓడలోని మర కనిపించలేదు. మిత్రుడు ఓడనే చూడనంటున్నాడు. సభ ముగిశాక వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థి నన్ను ఆపి అడిగాడు: "సార్‌, మన ఊరి పేరున్న ఓడ గదా. అది పాడయితే మనమే బాగుచేసుకోగలమా?" ఆ ప్రశ్న వేదిక మీద ఎవరికీ తట్టలేదు. ఈ వ్యాసం ఆ కుర్రవాడికి జవాబు.

1

ముందు మనది అనదగినది ఎంతో నిజాయితీగా లెక్క వేద్దాం. దేశద్వేషం నా ఉద్దేశం కాదు, భజన కూడా కాదు.

ఐ.ఎన్‌.ఎస్‌. విశాఖపట్నం క్షిపణులు మోసే విధ్వంసక నౌక. విశాఖ పేరు పెట్టుకున్నా దాన్ని కట్టినది ముంబయిలోని మజగాన్‌ డాక్‌లో. 2015 ఏప్రిల్‌లో నీటిలోకి దిగింది, 2021 నవంబరు 21న నౌకాదళంలో చేరింది. పొడవు 163 మీటర్లు, బరువు సుమారు 7,400 టన్నులు. దాని వెనుక ఇదే నమూనాలో మోర్ముగావ్‌ 2022లో, ఇంఫాల్‌ 2023లో, సూరత్‌ 2025 జనవరిలో చేరాయి. నాలుగింటికీ కలిపి ఖర్చు సుమారు 35 వేల కోట్ల రూపాయలు. నౌక ఆకృతిని రూపొందించినది మన నౌకాదళపు ఇంజనీర్లే. దాని ఉక్కు హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాల తయారుచేసిన మిశ్రమం. విమానాలను కూల్చే క్షిపణులు హైదరాబాదులోని భారత్‌ డైనమిక్స్‌లో తయారవుతాయి. ఇవి చిన్న విజయాలు కావు. బ్రిటిషువాడి పాత ఓడలు కొనుక్కుని, వాటికి మన పేర్లు పెట్టుకున్న రోజులతో పోలిస్తే చాలా దూరం వచ్చాం.

పోతే, ఇదే నౌకను కదిలించే నాలుగు గ్యాస్‌ టర్బైన్లు ఉక్రెయిన్‌లోని మికొలాయివ్‌ నగరంలో తయారయ్యాయి. ఆకాశాన్ని గాలించే ప్రధాన రాడారు ఇస్రాయేలుది. హైదరాబాదులో తయారయ్యే ఆ క్షిపణి కూడా ఇస్రాయేలుతో కలిసి రూపొందించినదే. శత్రునౌకల మీద వేసే బ్రహ్మోస్‌ రష్యాతో ఉమ్మడి సొత్తు. పేరులోనే బ్రహ్మపుత్ర సగం, మాస్క్వా నది సగం.

నౌకాదళం వారు ఓడను మూడు పనులుగా విభజించి లెక్క చెబుతారు: తేలడం, కదలడం, పోరాడడం. తేలడంలో స్వదేశీ వాటా సుమారు 90 పాళ్లు, కదలడంలో 60, పోరాడడంలో 50. మొత్తం మీద 75 అని ప్రకటించారు. ఈ లెక్కను జాగ్రత్తగా చదవండి. తేలే వస్తువును చేయడం మనకు బాగా వచ్చు. అది కదలాలన్నా, పోరాడాలన్నా ఇంకొకరి కొలిమి వైపు చూడాలి. ఓడ అనేది కదలడానికీ, పోరాడడానికీ గదా!

అసలీ పాళ్ల లెక్క దేనితో కొలిచినది? రూపాయలతో. కొబ్బరితోటకు నీరు తోడే మోటారు కాలిపోతే ఉద్దానం రైతు దానిలో నూటికి ఎన్ని పాళ్లు మన దేశానిదో చూడడు. పోయినది ఒక్క బేరింగు కావచ్చు, దాని వెల మోటారులో నూరోవంతు కావచ్చు. అది దొరకకపోతే నీరు రాదు. యంత్రం శాతాలతో నడవదు. లోపించిన ఒక్క భాగం దగ్గర ఆగిపోతుంది. కనుక స్వాతంత్ర్యాన్ని కొలవవలసినది మన దగ్గరున్న భాగాలతో గాదు, లేని భాగంతో.

నేను తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి గనుక నాకు వ్యాకరణం అడ్డం వస్తుంది. సంస్కృత ప్రాతిపదికకు చివర డువర్ణమో మువర్ణమో తగిలిస్తే తెలుగు మాట అవుతుంది. దాన్నే తత్సమం అన్నారు. మన స్వదేశీ ఆయుధాలలో చాలా భాగం ఇట్లాంటి తత్సమాలే. ప్రాతిపదిక పరాయిది, ప్రత్యయం మనది. బిగింపు మనది, బిళ్ల మనది. ఎరువు తెచ్చుకోవడం తప్పు కాదు, తెలుగు అట్లాగే పెరిగింది. కాని ఒక్క భేదం ఉంది. ఎరువు తెచ్చిన మాట అరిగిపోతే కొత్తది పంపమని ఎవరినీ దేబిరించనక్కరలేదు. మాట రహస్యం మాటలోనే ఉంది. టర్బైను రహస్యం టర్బైనులో లేదు. దాన్ని విప్పి చూసినా దొరకదు. ఆ నికెలు మిశ్రమాన్ని ఏ వేడి దగ్గర ఎట్లా పోతపోశారో, ఎట్లా చల్లార్చారో, అది మికొలాయివ్‌ కార్మికుడి చేతిలోనూ, అక్కడి డ్రాయింగు కాగితాల్లోనూ ఉంది.

2

మికొలాయివ్‌ పేరు మా ఇంట్లో కొత్త కాదు. మా చిన్నాన్న నౌకాదళంలో ఇంజను గదిలో పనిచేశాడు. ఉద్దానం నుంచి అట్లా వెళ్లినవాళ్లు ఊరికి నలుగురైదుగురు ఉంటారు. అతడు పనిచేసినది సోవియట్‌ యూనియన్‌ మనకిచ్చిన రాజ్‌పుత్‌ తరగతి ఓడల్లో ఒకదాని మీద. ఏ ఓడో చెప్పనక్కరలేదు.

ఆ తరగతి ఓడలు అయిదు. మొదటిది ఐ.ఎన్‌.ఎస్‌. రాజ్‌పుత్‌, 1980 మే 4న జార్జియాలోని పోటి రేవులో మన జెండా ఎత్తింది. కట్టినది అదే మికొలాయివ్‌లో, 61 కమ్యూనార్డుల పేరు పెట్టుకున్న నౌకానిర్మాణశాలలో. పూర్తిగా గ్యాస్‌ టర్బైన్ల మీద నడిచే పెద్ద యుద్ధనౌకలను ప్రపంచంలో మొదట కట్టినవాళ్లు వాళ్లు. బ్రహ్మోస్‌ క్షిపణిని మొదట మోసిన ఓడ కూడా ఈ రాజ్‌పుతే. 41 ఏళ్లు పనిచేసి 2021 మే 21న విశాఖలోనే జెండా దించింది.

సోవియట్లతో మన బేరం డాలర్లలో ఉండేది కాదు, రూపాయల్లో ఉండేది. తేయాకు పంపాం, బట్టలు పంపాం, జీడిపప్పు పంపాం. ఆ రోజుల్లో భారత జీడిపప్పుకు సోవియట్‌ యూనియన్‌ పెద్ద ఖాతాదారు. కాలుతున్న పిక్కను ఒలిచి వేళ్లు నల్లబడిన ఆడకూలీలకు తెలియకపోవచ్చుగాని, ఈ దేశపు యుద్ధనౌకల ఖరీదులో వాళ్ల చెమట కూడా ఉంది. సామ్రాజ్యవాద దేశాలు మొండిచేయి చూపినప్పుడు మనకు ఓడలిచ్చిన దేశం అది. ఆ మాట చెప్పడానికి నాకు మొహమాటం లేదు.

అయితే మన శిబిరం వాళ్లం ఇక్కడే ఒక తప్పు చేశాం. స్నేహాన్ని కీర్తించాం గాని స్నేహితుణ్ణి విద్య నేర్పమని గట్టిగా అడగలేదు. ఓడ వచ్చింది, టర్బైను పోతపోసే విద్య రాలేదు. స్నేహితుడుండగా కొరత తెలియలేదు. 1991 డిసెంబరులో ఆ దేశమే లేకుండా పోయింది. ఒకే ఓడ భాగాలు తయారయ్యే కర్మాగారాలు ఒక్క రాత్రిలో వేర్వేరు దేశాలవి అయిపోయాయి. రూపాయి బేరం పోయింది, డాలరు బేరం వచ్చింది. నిన్నటిదాకా సోదర కర్మాగారం అనిపించుకున్నది నేడు దళారీని పెట్టుకుని ధర చెప్పింది. అప్పుడు ముంబయిలో కడుతున్న ఐ.ఎన్‌.ఎస్‌. ఢిల్లీ 1991 ఫిబ్రవరిలో నీటిలో దిగి కూడా, నౌకాదళంలో చేరడానికి 1997 నవంబరు దాకా పట్టింది. ఆ ఆలస్యంలో సోవియట్‌ పతనానిది పెద్ద వాటా.

ఆ రోజుల గురించి చిన్నాన్న ఇట్లా చెబుతాడు: "ఏటి సేత్తాం రా బాబూ! ఒక ఓడ పొట్ట కోసి ఇంకో ఓడకి పెట్టీవోళ్లం. ఇది కదిల్తే అది ఆగిపోయీది. మనకాడ డబ్బు నేకా? మనుషుల్నేకా? డ్రాయింగు నేదు. అదీ సంగతి."

ఓడ పొట్ట కోసి ఓడకు పెట్టడం ప్రపంచంలో అన్ని నౌకాదళాలకూ తెలిసిన పనే. విడిభాగం పొదిలో లేనప్పుడు ఇంకేం చేస్తారు? నౌక కొన్నప్పుడే ఇన్నేళ్లకు ఇన్ని అని విడిభాగాలు కొని నిలవచేస్తారు. కాని నౌక ఆయుర్దాయం నలభై ఏళ్లు, దానిలోని భాగాన్ని చేసే కర్మాగారపు ఆయుర్దాయం ఎవరి చేతిలోనూ లేదు.

ఒకవేళ కర్మాగారం బతికే ఉన్నా, ఇవ్వడం ఇవ్వకపోవడం వాడి ఇష్టం. 1965 యుద్ధంలో అమెరికా మనకూ పాకిస్తానుకూ కూడా ఆయుధ సరఫరా ఆపేసింది. 1998 అణుపరీక్షల తర్వాత ఆంక్షలు పెట్టింది. మన నౌకాదళపు సీకింగ్‌ హెలికాప్టర్లు బ్రిటనువి. వాటిలో అమెరికా భాగాలున్నాయన్న కారణంతో విడిభాగాలు ఆగిపోయాయి, అవి నేలమీద కూర్చున్నాయి. ఒక్క తుపాకీ పేలకుండా మన హెలికాప్టర్లను దించిన యుద్ధం అది.

నిన్నటి మాట వినండి. రష్యా తన నౌకాదళం కోసం మొదలుపెట్టి, తర్వాత మనకు అమ్మిన రెండు యుద్ధనౌకలకు ఉక్రెయిన్‌ ఇంజన్లు కావాలి. 2014 తర్వాత ఉక్రెయిన్‌ రష్యాకు ఇంజన్లు ఇవ్వనన్నది. చివరకు మనం ఉక్రెయిన్‌ దగ్గర ఇంజన్లు కొని, రష్యా రేవుకు పంపి, ఓడల్లో బిగింపించుకున్నాం. ఈలోగా 2022 ఫిబ్రవరిలో ఆ రెండు దేశాలకూ పూర్తి యుద్ధం వచ్చింది, మికొలాయివ్‌ మీద బాంబులు పడ్డాయి. మొదటి ఓడ తుషిల్‌ 2024 డిసెంబరు 9న, రెండవది తమాల్‌ 2025 జులై 1న కలినిన్‌గ్రాద్‌లో మన జెండా ఎత్తాయి. ఒకరినొకరు చంపుకుంటున్న రెండు దేశాల పనితనం ఒకే ఓడ కడుపులో ఉంది. అది పాడయితే ఎవరి గడప తొక్కాలి?

ఈ పరాధీనత ఓడను మాత్రమే ఆపదు, నోటినీ కట్టేస్తుంది. 2022 మార్చిలో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో రష్యా దాడిని ఖండించే తీర్మానం మీద మన దేశం ఓటు వేయలేదు. 2023 అక్టోబరులో గాజాలో కాల్పులు ఆపమన్న తీర్మానం మీద కూడా వేయలేదు. డిసెంబరుకు గాని అనుకూలంగా చేయి ఎత్తలేదు. విడిభాగాలే దీనికి ఏకైక కారణమని నేను అనను. కాని విదేశాంగ నీతి రాసే బల్ల మీద విడిభాగాల జాబితా ఒకటి ఎప్పుడూ ఉంటుందని తెలియనివాడు రాజకీయం మాట్లాడనక్కరలేదు. "ఆయుధాల గొడవ మనకెందుకు" అన్న మిత్రుడికి నా మొదటి జవాబు ఇదే. పాలస్తీనా కోసం నీవు ఊరేగింపు తీస్తున్నావు. ఆ ఊరేగింపుకు అడ్డంగా ఒక రాడారు నిలబడి ఉంది.

3

మనకు చేత కాదా? విశాఖపట్నంలో నాలుగు రోజులుండి చూస్తే ఈ సందేహం తీరిపోతుంది.

యుద్ధనౌకల గ్యాస్‌ టర్బైన్లను పూర్తిగా విప్పి, బాగుచేసి, మళ్లీ కూర్చే కేంద్రం విశాఖలోనే ఉంది, పేరు ఐ.ఎన్‌.ఎస్‌. ఎక్సిల. అక్కడి మెకానిక్కుల చేతులకు మికొలాయివ్‌ టర్బైను అణువణువూ తెలుసు. వరుణాస్త్రం అనే టార్పెడోను రూపొందించినది విశాఖలోని నౌకాశాస్త్ర సాంకేతిక ప్రయోగశాల. కావేరి అనే విమాన ఇంజను నుంచి ఓడలకు పనికివచ్చే 12 మెగావాట్ల టర్బైనును తయారుచేసి, 2008 నాటికి విశాఖలోని నౌకాదళపు పరీక్షా వేదిక మీదికి తెచ్చారు. రాజ్‌పుత్‌ తరగతి ఓడలను నడపగల శక్తి దానిది. 2021లో హైదరాబాదు లోహశాల అత్యంత కష్టమైన ఏకస్ఫటిక టర్బైను రెక్కలు 60 పోతపోసి హెలికాప్టరు ఇంజను కోసం ఇచ్చింది. విద్య మన గుమ్మం దాకా వచ్చింది.

అయినా కావేరి టర్బైనుతో నడిచే యుద్ధనౌక ఇంతవరకు ఒక్కటీ లేదు. ఎందుకని? నాకు తోచిన జవాబు ఒక్క మాటలో ఉంది: "ఈసారికి". ఈసారికి బయట కొనేద్దాం, ఓడ ఆలస్యమవుతుంది. వచ్చేసారి మనదే పెడదాం. ఆ వచ్చేసారి కూడా ఈసారే అవుతుంది. కొనడానికి ఒక సంతకం చాలు. నేర్చుకోవడానికి ఇరవై ఏళ్ల ఓపిక కావాలి, పాడయిపోయే పోతలు కావాలి, ఒకే పని మీద తరం తర్వాత తరం నిలబడే కార్మికులు కావాలి. తక్షణ లాభమే దేవుడయిన వ్యవస్థలో ఈ మూడింటికీ చోటు లేదు. దిగుమతికి దళారీ ఉంటాడు. నేర్చుకోవడానికి దళారీ ఎవడు దొరుకుతాడు?

విశాఖ హిందూస్తాన్‌ షిప్‌యార్డు కథ చూడండి. 1941లో పునాది పడింది. స్వతంత్ర భారతంలో కట్టిన మొదటి పెద్ద ఆవిరి ఓడ జల ఉష 1948 మార్చిలో ఇక్కడే నీటిలో దిగింది. 1952లో ప్రభుత్వ సంస్థ అయింది. అట్లాంటి చోట సింధుకీర్తి అనే జలాంతర్గామిని బాగుచేయడానికి 2006లో తెచ్చి 2015లో వదిలారు. తొమ్మిదేళ్లు! పత్రికలు వెక్కిరించాయి. నిజమే, వెక్కిరించదగిన ఆలస్యమే. కాని జలాంతర్గామిని నరనరమూ విప్పి కూర్చడం ఆ చేతులకు కొత్త. భాగాలూ సలహాలూ రష్యా నుంచి రావాలి. ఆ తొమ్మిదేళ్లలో కార్మికుడు నేర్చుకున్న విద్యకు ఏ పత్రిక ఖరీదు కట్టింది? అతడు పదవీ విరమణ చేస్తే ఆ విద్యను అందుకోవడానికి పక్కన శిష్యుడున్నాడా, లేక పదకొండు నెలల కాంట్రాక్టు కూలీ ఉన్నాడా? 2020 ఆగస్టు 1న అదే షిప్‌యార్డులో క్రేను కూలి 11 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది కాంట్రాక్టు సంస్థల మనుషులే. కాంట్రాక్టుకు తెచ్చిన చేతిలో విద్య నిలవదు. ప్రాణానికే పూచీ లేనిచోట విద్య సంగతి చెప్పనక్కరలేదు.

కార్మికుడి చేతిలో ఉన్న జ్ఞానాన్ని జ్ఞానంగా గుర్తించకపోవడమే ఈ రోగానికి మూలం. డ్రాయింగు గీసేవాడొక కులం, స్పానరు పట్టేవాడొక కులం అయినచోట పరాయివాడి డ్రాయింగే వేదం అవుతుంది.

4

ఇప్పుడు ఉద్దానానికి వద్దాం. మిత్రుడి రెండవ మాటకు జవాబు చెప్పాలి గదా.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. ఈ మండలాల్లో కిడ్నీ జబ్బు ఎంతమందిని తిన్నదో మీకు చెప్పనక్కరలేదు. ఎన్నో అధ్యయనాలు జరిగినా మూలకారణం ఇదీ అని ఈనాటికీ తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రీ, కిడ్నీ పరిశోధన కేంద్రమూ, సుమారు 700 కోట్లతో హిరమండలం నుంచి వంశధార నీరు తెచ్చే పథకమూ ప్రారంభించారు. మన నాలుగు విధ్వంసక నౌకల ఖర్చులో ఈ నీటి పథకం యాభయ్యోవంతు. ఈ పోలిక మిత్రుడికి నచ్చుతుంది. ఇది నిజమే గాని సగం నిజం. ఓడలు మానేస్తే ఆ డబ్బు మంచినీళ్లయి ఉద్దానంలో పారుతుందని నమ్మేంత అమాయకుణ్ణి కాను.

రెండవ సగం నేను డయాలిసిస్‌ వార్డులో చూశాను. ఓడ ఇంజను గదిలో బతికిన మా చిన్నాన్న ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలిసిస్‌ మంచం ఎక్కుతున్నాడు. ఒకరోజు ఒక ఆసుపత్రికి తీసుకువెళ్లాను. ఆయన వంతు యంత్రం ఆగిపోయి ఉంది. ఏదో సెన్సారు పోయిందట. యంత్రం పరాయి దేశానిది. ఆ భాగం రావాలి, దాన్ని బిగించే కంపెనీ మనిషి దూరం నుంచి రావాలి, అతని కంప్యూటరు తగిలిస్తే గాని యంత్రం ఒప్పుకోదు. మిగిలిన యంత్రాల మీద నాలుగు గంటల వంతును కుదించి సర్దారు. నర్సమ్మ తప్పు లేదు, డాక్టరుగారి తప్పూ లేదు. చిన్నాన్న యంత్రం వంక చాలాసేపు చూశాడు. తర్వాత నాతో అన్నాడు: "ఓడ్లోనూ ఇదే తంతు. ఓడ ఆగిపోతే రేవులో కట్టీసీవోళ్లం. ఇక్కడ మనిసిని ఎక్కడ కడతావు?"

ఆ మాట విన్నాక నాకు ఓడ వేరు, ఉద్దానం వేరు అనే వాదం మీద నమ్మకం పోయింది. రాడారు ఇయ్యనివాడూ, సెన్సారు ఇయ్యనివాడూ ఒకే అంగడిలో కూర్చున్నాడు. డ్రాయింగు తాళం వేసి ఉంచి, భాగానికి తోచిన ధర చెప్పే హక్కు వాడికుంది. ఓడల విషయంలో ఈ దేశం కనీసం సిగ్గుపడుతుంది. హైదరాబాదులో లోహశాల పెడుతుంది, విశాఖలో పరీక్షావేదిక కడుతుంది. డయాలిసిస్‌ యంత్రం విషయంలో ఆ సిగ్గు కూడా లేదు. టార్పెడోకు నీటిలో దారి చూపే సెన్సారు చేయగల విశాఖ, మనిషి నెత్తురును కొలిచే సెన్సారు చేయలేదా? చేయగలదు. చేయమని మనం గట్టిగా అడగలేదు. "ఆయుధాల గొడవ మనకెందుకు" అని మనం దూరంగా కూర్చున్నాం గనుక అడగవలసినచోట మనం లేము.

పలాస నేల మీద 1940లో అఖిల భారత కిసాన్‌ సభ జరిగింది. భూమి దున్నేవాడిది కావాలని ఆనాడు అడిగారు. ఉత్పత్తి సాధనాలు ఎవరివి అన్నదే ఆనాటి ప్రశ్న, ఈనాటి ప్రశ్నా అదే. భూమి పట్టా లాంటిదే యంత్రపు డ్రాయింగు కూడా. పట్టా పరాయివాడి పెట్టెలో ఉంటే దున్నేవాడు ఎప్పటికీ కౌలుదారే.

కనుక ఆ విద్యార్థికి నా జవాబు ఇది. బాబూ, నీ ఊరి పేరున్న ఓడను మనవాళ్లు బాగుచేయగలరు, చేస్తున్నారు కూడా. కాని కొత్త భాగం కావలసి వస్తే చాలాసార్లు పరాయి గడప ముందు నిలబడాలి. వాడు ఇస్తేనే ఓడ కదులుతుంది. ఈ మాట పైకి చెప్పడం దేశద్రోహం కాదు, చెప్పకుండా పద్యాలు పాడడమే ద్రోహం. నీవు తెలుగు చదివినా సరే, పోతపోసే కొలిమి దాకా వెళ్లి చూడు. ఏ ఓడ ఒప్పందంలోనైనా, ఏ ఆసుపత్రి యంత్రపు ఒప్పందంలోనైనా "డ్రాయింగు ఇస్తారా, విద్య నేర్పుతారా" అన్న షరతు ఉన్నదా అని అడుగు. మన శాసనసభ్యుణ్ణి అడుగు, పార్లమెంటు సభ్యుణ్ణి అడుగు. సభలో నన్ను అడిగినట్టే అడుగు.

రచయితలకు ఒక్క మాట. చిన్నాన్న ట్రంకుపెట్టెలో ఒక పాత నోటుబుక్కు ఉంది. ఇంజను గదిలో చేసిన ప్రతి పనీ పెన్సిలుతో తెలుగులో రాసుకున్నాడు. ఏ రబ్బరు రింగు ఎన్ని గంటలకు గట్టిపడుతుందో, ఏ మరను ఎంత బిగిస్తే తెగుతుందో, దొరకని గ్యాస్కెట్టును దేనితో కోసుకోవచ్చునో అందులో ఉంది. రహస్యాలేవీ లేవు, అనుభవం ఉంది. ముప్పయి ఏళ్లుగా ఆ పుస్తకం చూపించమని ఎవరూ ఆయన్ను అడగలేదు. తెలుగు ఎం.ఏ. చదివిన నేనూ అడగలేదు. డయాలిసిస్‌ మంచం పక్కన కూర్చున్నప్పుడు మొదటిసారి అడిగాను.

కవిగారు తమ దీర్ఘ కవితను మళ్లీ రాసేటప్పుడు కావలిస్తే ఆ నోటుబుక్కు చూడవచ్చు. నా మిత్రుడు కూడా చూడాలి. చిన్నాన్న ఒప్పుకున్నాడు.